కొండకీ సంతకీ నడుమ
(గిడుగు రామమూర్తి స్మారకోపన్యాస పాఠం)



గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి పేరు మీద మాట్లాడమంటే వ్యావహారిక భాష గురించే మాట్లాడతారని అందరూ అనుకుంటారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం కనక ఏటా ఆ మాటలు వింటూనే ఉన్నాం. ఇవాళ ఆ జోలికి పోను. ఆయన జీవితంలో రెండో సగం ఒకటుంది. దాని గురించి రెండు వాక్యాలు చెప్పి దాటేయడం మనకు అలవాటైపోయింది. నా ప్రసంగం ఆ సగం మీదే.

పర్లాకిమిడి రాజావారి బళ్ళో పనిచేసే రోజుల్లో పంతులుగారు చుట్టుపక్కల కొండల మీది సవరల భాష నేర్చుకోవడానికి పూనుకున్నారు. అప్పటికి దానికి వ్యాకరణమూ నిఘంటువూ లేవు. ఆ భాష వచ్చినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. కొండలెక్కారు, జ్వరాలు తెచ్చుకున్నారు. మన్యం జ్వరానికి మింగిన క్వినైను వల్ల వినికిడి దెబ్బతింది. సవర పిల్లల కోసం వాచకాలు రాశారు, వాళ్ళ కథలూ పాటలూ పోగుచేశారు. ఆ పుస్తకాలను 1911లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసి పారితోషికం ఇవ్వబోతే, నాకొద్దు, ఆ డబ్బుతో సవరలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పే బడి పెట్టండి అన్నారు. 1931లో సవర వ్యాకరణం వచ్చింది. సవర మన భాషకు దాయాది కూడా కాదు. ద్రావిడ కుటుంబం కాదది, ముండా కుటుంబం. తెలుగు పండితుడికి అందులో తెలిసిన మాట దొరకడమే కష్టం.

నేను ఆయన్ని తలుచుకునేది పండితుడిగా కంటే పంతులుగానే. పిల్లలకు ఏం చెప్పాలో తేల్చుకునే ముందు వాళ్ళ ఇళ్ళలో ఏం చెప్పుకుంటున్నారో వినాలి అనుకున్నాడాయన. మన తెలుగు క్లాసుల్లో, సాహిత్యం పేరిట, ఒక జాతిని గురించి మరో జాతి పిల్లలకు ఎలా చెబుతున్నాం? చాలా ఏళ్ళు మన్యం అంచున ఉన్న కాలేజీలో తెలుగు చెప్పినవాడిగా నాకు ఈ విషయంలో ఒక అభిప్రాయం ఉంది. మనం ఆచారాలు చెబుతున్నాం, సంబంధాలు దాచేస్తున్నాం. సాహిత్యం మాత్రం సంబంధాలను బయటపెట్టడానికే ఉంది.

ఆగస్టు 9 వస్తే మన బళ్ళు చూడండి. ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. గోడకు చార్టు. గోండుల గుస్సాడీ నెమలి ఈకల తలపాగా, అరకు థింసా, సవరల గోడబొమ్మలు, లంబాడీల అద్దాల రవిక. పిల్లలు రంగులు బాగానే వేస్తారు, ప్రాజెక్టు వర్కుకు మార్కులు పడతాయి. ఆ చార్టులో లేనిది ఒక్కటే, ఆ చార్టు గీసిన పిల్లవాడు. వాడి తాత ఆ గోండుల దగ్గర భూమి కొన్నాడా, వాడి నాన్న ఆ సంతలో కొట్టు పెట్టాడా, వాడి మేనమామ ఆ అడవిలో గార్డా అన్నది చార్టుకు అక్కర్లేదు. బొమ్మల్లో ఉన్నవాళ్ళు ఎవరితోనూ ఏ లావాదేవీ లేనట్టు ఆడుతూనే ఉంటారు.

ఇక కథల సంగతికొస్తాను. నేను ఎక్కువగా ఆసరా చేసుకున్న పుస్తకం తెలుగుది కాదు. గోపీనాథ్ మహంతి ఒడియాలో 1945లో ప్రచురించిన 'పరజా'. ఆయన రాసిన 'అమృతర సంతాన' మనకు పురిపండా అప్పలస్వామిగారి చలవ వల్ల 'అమృత సంతానం'గా తెలుసు. 1955లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న నవల అది, కోందుల మీద. 'పరజా' దానికంటే ముందుది. కథ కోరాపుట్ కొండల్లోది. 1936 దాకా కోరాపుట్ మన విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో భాగం. కనక పొరుగు రాష్ట్రం నవల అనుకోనక్కర్లేదు. అదే కొండ, అదే సంత, అదే షావుకారు.

సుక్రు జానీ పరజా రైతు. భార్య లేదు. మాండియా, టిక్రా అని ఇద్దరు కొడుకులు. జిలి, బిలి అని ఇద్దరు కూతుళ్ళు. ఫారెస్టు గార్డు కన్ను జిలి మీద పడింది. కబురు పెట్టాడు. కాదన్నారు. ఆ తరవాత చెట్లు నరికారని జరిమానా వచ్చింది. జరిమానా కట్టాలంటే రొక్కం కావాలి. కొండమీద ధాన్యం ఉంటుంది, మేకలుంటాయి, రొక్కం ఉండదు. అది ఉండేది షావుకారు దగ్గరే. అప్పు తీర్చేదాకా తండ్రీ కొడుకూ వాడింట గోతీలుగా, అంటే వెట్టి జీతగాళ్ళుగా చేరారు. ఆ తరవాత పెద్దవాడూ అదే దారి. పొలం తాకట్టు. ఆడపిల్లలు రోడ్డు పనికి వెళ్ళారు, జిలి చివరికి ఆ షావుకారు దగ్గరికే చేరింది. పొలం తిరిగిమ్మని అడగడానికి వెళ్ళిన తండ్రీ కొడుకులు వాణ్ణి గొడ్డలితో నరికి, తామే వెళ్ళి లొంగిపోతారు.

ఈ నవల చెప్పేటప్పుడు నేను బోర్డు మీద గళ్ళు గీసేవాణ్ణి. జరిమానా, అప్పు, వడ్డీ, చాకిరి చేసిన కాలం, పోయిన పొలం. అధ్యాయం అయ్యేకొద్దీ పిల్లలే ఆ గళ్ళు నింపేవారు. తెలుగు క్లాసులో ఈ పద్దుల పుస్తకం ఏమిటని మా తోటి అధ్యాపకులు నవ్వేవారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. దాని పక్కనే చట్టం పెట్టేవాణ్ణి. ఏజెన్సీలో వడ్డీ ఏడాదికి నూటికి 24 మించకూడదని, చక్రవడ్డీ కట్టకూడదని, కొండవాళ్ళ భూమి మైదానంవాళ్ళకు అనుమతి లేనిదే బదలాయించకూడదని మద్రాసు ప్రభుత్వం 1917లోనే చట్టం చేసింది. అంటే సుక్రు జానీ పొలం పోయే నాటికి కాపాడే చట్టం కాగితం మీద ఉంది. మరి ఎలా పోయింది? ఈ ప్రశ్న అడిగితే పిల్లలు నవలను మళ్ళీ మొదటినుంచి తిరగేస్తారు. చట్టం ఎవరి చేతుల మీదుగా కొండెక్కుతుందో వెతుకుతారు. గార్డు, రెవెన్యూ జవాను, రాతగాడు ఒక్కొక్కరే దొరుకుతారు. గార్డు వేసిన జరిమానా, షావుకారు ఇచ్చిన అప్పు రెండూ ఒకే యంత్రానికి రెండు చక్రాలని వాళ్ళే పట్టుకుంటారు. మనం చెప్పక్కర్లేదు.

ఒక ఏడు క్లాసులో సంతలో కొట్టున్న ఆసామి కొడుకు లేచి, "మా నాన్న ఇలాంటి వడ్డీలు తీసుకోడు మాస్టారూ" అన్నాడు. కుర్రాడి మొహం ఎర్రబడింది. నువ్వు చెప్పింది నిజమే అయ్యుంటుంది, అయితే మీ నాన్న ఏ రేటుకి ఇస్తాడో పద్దు చూసి రా అన్నాను. చూసొచ్చాడో లేదో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. అదే క్లాసులో కొండ మీది నుంచి వచ్చే అమ్మాయి ఒకతె ఎప్పుడూ నోరు విప్పేది కాదు. నవల అయిపోయాక, గంట కొట్టాక, బల్ల దగ్గరకొచ్చి అడిగింది. "వాళ్ళు లొంగిపోనారు, జైలుకెళ్ళిపోతారు. మరి జిలి ఎక్కడికెల్తాది మాస్టారూ? దాన్ని ఊర్లోకి రానిస్తారా?" నవల ఆ సంగతి చెప్పదు. మర్నాడు గంటసేపూ ఆ ఒక్క ప్రశ్న మీదే నడిచింది. కులపెద్దలు ఏమంటారు, తప్పు కట్టించుకుని కలుపుకుంటారా, బిలి ఇంట్లో చోటుంటుందా, జిలిని ఇష్టపడిన కుర్రాడు తిరిగి చూస్తాడా. పరజాల ఆచారాలు, ఊరి కట్టుబాట్లు, పెళ్ళి పద్ధతులు అన్నీ నవలలోంచి బయటికొచ్చాయి. చార్టు మీద ఉంటే చదివి మరిచిపోయే సంగతులు అవి. ఒక ఆడపిల్ల తిరిగొచ్చే దారి వెతకడానికి పనికొచ్చాయి గనక గుర్తున్నాయి.

మహంతి కోరాపుట్‌లో ప్రభుత్వోద్యోగం చేస్తూ ఇవన్నీ చూసినవాడు. ఆదివాసుల పక్షం మాట్లాడుతున్నాడని అక్కడి షావుకార్లూ భూస్వాములూ ఆయన మీద నెహ్రూ దాకా ఫిర్యాదు పంపారని చెబుతారు. పిల్లలకు ఈ సంగతీ చెప్పాలి. రాసినవాడు కూడా ఆ సంబంధాల్లో ఒక మనిషే. ఆయన కుర్చీ ఏది, ఎక్కడ కూర్చుని చూశాడు అని అడగడం నేర్పాలి.

మన పాత పుస్తకాలు ఈ పనికి పనికిరావనుకోకండి. ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో యామునాచార్యుడు కొడుక్కి రాజనీతి చెబుతాడు కదా. అందులో మన్నెపు జనం మాట వస్తుంది. వాళ్ళను సంస్కరించబోవడం, వాళ్ళ మీద కోపగించుకోవడం రెండూ దండగ, ఇచ్చిన మాట నిలబెట్టుకుని మంచి చేసుకో, శత్రువు మీద దండెత్తేటప్పుడు పనికొస్తారు అన్నది దాని సారం. రాసినవాడు కృష్ణదేవరాయలు. కొండవాడి నిజాయితీ ఆయనకు తెలుసు. ఆ నిజాయితీని ఎలా వాడుకోవాలో కూడా తెలుసు. ప్రతిపదార్థం చెప్పి, ఛందస్సు చెప్పి వదిలేసే పద్యాలివి. ఒక రాజ్యం తన అడవిని ఏ కంటితో చూసిందో ఇంత దాపరికం లేకుండా చెప్పిన చోటు మన కావ్యాల్లో అరుదు.

దానికి ఎదురుగా అహోబిలం పెట్టండి. నరసింహస్వామి చెంచుల ఆడపడుచును పెళ్ళాడాడు. కనక చెంచులకు అల్లుడు. సంక్రాంతి వెళ్ళాక స్వామి పల్లకీ నలభై రోజులకు పైగా చుట్టుపక్కల ఊళ్ళు తిరుగుతుంది, పారువేట. పల్లకీ మీదికి బాణం వేయడం చెంచుల హక్కు. గరుడాచల యక్షగానం మొదలు సినిమా చెంచులక్ష్మి దాకా ఈ పెళ్ళి కథను తెలుగువాళ్ళు ఎన్ని రకాలుగానో ఆడుకున్నారు. రాజు వాళ్ళను దండులో పెట్టుకున్నాడు, దేవుడు వియ్యం అందుకున్నాడు. రెండింటినీ ఒకే వారంలో చెబితే క్లాసులో మంచి గొడవ అవుతుంది. వియ్యమందినంత మాత్రాన అల్లుడి ఊరివాళ్ళు అత్తింటివాళ్ళతో కూర్చుని భోంచేశారా అని ఎవడో ఒకడు అడిగి తీరతాడు. ధూర్జటి కాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్నడు పెట్టిన మాంసం చూసి గుడి అయ్యవారు పడ్డ బాధ అప్పుడు బయటికి తీయాలి.

ఇంకో చోట మన అలవాటు మరీ మొండిగా ఉంది. 1922-24 మన్యం పోరాటం. అల్లూరి సీతారామరాజు మీద బుర్రకథలు, నాటకాలు, నవలలు, సినిమాలు. తప్పులేదు. కాని గాం గంటందొర, గాం మల్లుదొర ఆ కథల్లో ఎప్పుడూ రాజుగారి అనుచరులే. వాళ్ళకు సొంత కోపం ఉన్నట్టే కనపడదు. ముఠాదారు హోదాలు పోవడం, పోడు మీద నిషేధం, గూడెం తాసిల్దారు బాస్టియన్ రోడ్డు పనిలో కూలి ఎగ్గొట్టి చాకిరి చేయించడం, ఇవన్నీ కొండవాళ్ళ సొంత పద్దులు. రాజు రాకముందే ఉన్నవి. 1879 రంపా తిరుగుబాటు నాటికి రాజు పుట్టనే లేదు. మల్లుదొర శిక్ష అనుభవించి, 1952లో తొలి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి గెలిచి వెళ్ళాడని ఎంతమంది తెలుగు మాస్టార్లకు తెలుసు? ఆ కథనే గంటందొర ఇంటి అరుగు మీదినుంచి చెప్పమని పిల్లలకు వ్యాసం ఇచ్చి చూడండి. తెలంగాణలో అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీం' నవల ఈ విషయంలో మెరుగు. పోరాడేవాడూ గోండే, కథ నడిపేవాడూ గోండే. 1940లో జోడేఘాట్‌లో భీంను చంపాకే నిజాం సర్కారుకు గోండుల సంగతి తెలుసుకోవాలనిపించింది. ఆంత్రోపాలజిస్టు హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ, గోండీలో వాచకాలు ఆ దారినే వచ్చాయి. బడి కూడా ఒక తిరుగుబాటుకు జవాబుగా వచ్చిందన్నమాట.

దూరపు దుఃఖం మనకు సులువుగా అందుతుంది. అలెక్స్ హేలీ 'రూట్స్' 1976లో వచ్చింది, సహవాసి గారి చేతిలో 'ఏడు తరాలు' అయింది. గాంబియాలో జుఫూరే నుంచి ఎత్తుకుపోయిన కుంటా కింటే కోసం ఏడ్చిన తెలుగిళ్ళు లెక్కలేనన్ని. నేనూ ఏడ్చాను. చెప్పాల్సిన పుస్తకమే. దాని వంశవృక్షాన్ని చరిత్రకారులు ప్రశ్నించారని, హెరాల్డ్ కూర్లాండర్ నవలలోంచి కొన్ని భాగాలు తీసుకున్నారన్న దావాలో హేలీ 1978లో రాజీపడ్డాడని కూడా చెప్పాలి. నవలను సాక్ష్యంగా చదవడం వేరు, నవలగా చదవడం వేరు అని తెలియడానికి అంతకంటే మంచి పాఠం లేదు. నా ఫిర్యాదు పుస్తకం మీద కాదు. బానిసను టోబీ అని పిలిచిన తోట యజమానిలో మనకు మనం కనపడం. కనక హాయిగా ఏడవొచ్చు. సుక్రు జానీ షావుకారు తెలుగు మాట్లాడుతుంటే అంత హాయి ఉండదు. 'ఏడు తరాలు' చెప్పిన వెంటనే 'పరజా' చెప్పాలని నేననేది అందుకే. ముందు దూరపుది, తరవాత దగ్గరిది. వరస ముఖ్యం.

ఇప్పుడు ఇంకో మార్పు వచ్చింది, నా ఉద్యోగం మొదట్లో లేనిది. లోపలివాళ్ళు రాస్తున్నారు. ఉత్తరాంధ్ర కొండల నుంచి మల్లిపురం జగదీశ్ కథలు 'శిలకోల', కోయల నుంచి పద్దం అనసూయ కథలు, బంజారాల నుంచి రమేశ్ కార్తీక్ నాయక్. ఆయన 'ఢావ్లో' కథలకు 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. సూర్యా ధనంజయ్‌తో కలిసి 2022లో తెచ్చిన 'కేసులా' తెలుగులో తొలి బంజారా కథల సంకలనం. బయటివాడి నవలను, లోపలివాడి కథను పక్కపక్కన పెట్టి చెప్పే వీలు మాకు ఉండేది కాదు, మీకుంది. బయటివాళ్ళ కథల్లో కొండమనిషి ఎప్పుడూ ఏదో పోగొట్టుకుంటూ ఉంటాడు. లోపలివాళ్ళ కథల్లో జోకులేస్తాడు, తమ్ముడితో పోట్లాడతాడు, మొగుడి మీద అలుగుతుంది, ఉద్యోగం వచ్చినవాడు ఊరికి రావడం మానేస్తాడు. వాళ్ళలో వాళ్ళకున్న ఎక్కువతక్కువలూ అక్కడే తెలుస్తాయి. ఇవి బయటివాడికి అందవని కాదు, బయటివాడు ఎక్కువగా తనతో తగువు ఉన్నచోటనే చూస్తాడు.

ఇక్కడ ఉపాధ్యాయులకు ఒక హెచ్చరిక. సవర కథ చెబుతూ క్లాసులో ఉన్న ఒక్క సవర పిల్లవాడి వైపు తిరిగి, "ఏరా, మీ ఊళ్ళో ఇలాగేనా?" అని అడగకండి. నలభైమంది తలలు వాడి వైపు తిరుగుతాయి. వాడు కథ వినడానికి వచ్చాడు, సాక్షి బోనెక్కడానికి కాదు. వాడికి ఆ ఆచారం తెలియకపోవచ్చు, నచ్చకపోవచ్చు, వాళ్ళింట్లో ఏసుప్రభువును కొలుస్తుండవచ్చు. కథలోని షావుకారు గురించి అడగండి. దాన్లో అందరూ సమానంగా మాట్లాడగలరు.

పిల్లలను సంతకు పంపడం మంచిదని నా అనుభవం. మా విద్యార్థులకు నేనిచ్చే పని ఒకటే. కొనొద్దు, ఫొటోలు తీయొద్దు, ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తున్నారో రాసుకురండి అనేవాణ్ణి. చింతపండు గంపతో దిగే ఆడమనిషిని సంత దాకా రానీకుండా దారిలోనే ఆపి, గంప ఆవిడ నెత్తిన ఉండగానే బేరం ముగించే దళారీలను మావాళ్ళు చూశారు. నెరిసిన తలవాణ్ణి పాతికేళ్ళ వ్యాపారి "ఒరే" అనడం, ఆయన ఇతన్ని "బాబూ" అనడం రాసుకొచ్చారు. కుంచం అంచు దగ్గర బొటనవేలు ఏం చేస్తుందో కూడా ఒక కుర్రాడు పట్టాడు. గిరిజన సహకార సంస్థ 1956లో ఎందుకు పుట్టిందో ఆ తరవాత వేరే చెప్పక్కర్లేకపోయింది. తిరిగొచ్చి మహంతి నవలలో సంభాషణలు చదివితే, ఎవడు ఏ గొంతుతో మాట్లాడుతున్నాడో వాళ్ళకు వినపడింది.

పాట సంగతి చెప్పకుండా ముగించలేను. కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు, ఆయన 2024లో పోయారు. సమ్మక్క సారలమ్మల కథను కోయలోనూ తెలుగులోనూ చెప్పగలిగిన గొంతు. ఆ కథను అచ్చులో పెడితే ఒక పాఠం అవుతుంది, మంచిదే. కాని ఇలవేల్పు కొలువులో, ఫలానా ఇంటిపేరువాళ్ళ ముందు చెప్పాల్సినదాన్ని మనం అందరి ముందూ పరిచి, ఖాళీలు పూరింపుము అంటాం. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో బహుభాషా విద్య మొదలుపెట్టి, సవర, కోయ, గోండి, కొలామి, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా భాషల్లో వాచకాలు తయారుచేసినప్పుడు ఊరివాళ్ళ కథలనే పాఠాలుగా తీసుకున్నారు. గిడుగు వారు చెప్పిన పనే, తొంభై మూడేళ్ళ తరవాత. కాని ఆ పుస్తకాలు ఆ పిల్లల బళ్ళకే వెళ్ళాయి. సవర వాచకంలోని ఒక్క కథైనా విజయవాడ పిల్లవాడి తెలుగు పుస్తకంలోకి అనువాదమై రావాలి కదా. కొండవాడు మన కథలు చదివి పరీక్ష పాసవ్వాలి, మనకు వాళ్ళ కథ తెలియకపోయినా ఫస్టు క్లాసు వస్తుంది. ఈ సంబంధం కూడా షావుకారు పద్దులాంటిదే, ఒక వైపు మాత్రమే రాస్తారు.

ఇలా చెబితే పిల్లల్లో ద్వేషం పెరగదా అని నన్ను అడిగినవాళ్ళున్నారు. నా క్లాసుల్లో వాదనలు పెరిగాయి. ఒకసారి కొట్లాట దాకా వచ్చింది. కాని చార్టుల కాలంలో లేని స్నేహాలు కొన్ని ఆ వాదనల్లోంచే కుదిరాయి. ఆ పైన ఏమయ్యాయో నాకు తెలియదు, పిల్లలు ఎటువాళ్ళటు వెళ్ళిపోతారు.

సవరలకు చనిపోయినవాళ్ళతో మాట్లాడే ఆచారం ఉంది. పూనకంలో ఉన్న మనిషి నోటితో పోయినవాడు వచ్చి మాట్లాడతాడు, బతికున్నవాళ్ళు ఎదురు ప్రశ్నలేస్తారు, పాత తగాదాలు తీస్తారు. పియర్స్ విటెబ్‌స్కీ అనే ఆంత్రోపాలజిస్టు దీని మీద పెద్ద పుస్తకమే రాశాడు. మన స్మారకోపన్యాసాల్లో ఆ సదుపాయం లేదు, ఒకవైపే మాట్లాడుకుని పోవాలి. ఉంటే పంతులుగారు నన్ను తప్పకుండా ఒకటి అడిగేవారు, ఇంత చెప్పావు కదా, నీకు సవర వచ్చునా అని. నాలుగు మాటలు వచ్చు.

అధ్యాపకులుగా చేరబోయేవాళ్ళు ఇక్కడున్నారు కనక ఒక పని చెప్పి కూర్చుంటాను. మన పరీక్ష మారకపోతే ఈ పాఠాలేవీ నిలవవు. 'పరజా నవల ఆధారంగా గిరిజనుల ఆచార వ్యవహారాలు వివరించుము' అని అడిగినంతకాలం పిల్లవాడు గైడు కొంటాడు. నేను ఇంటర్నల్ పరీక్షల్లో ఇచ్చిన ప్రశ్న ఇది, కావాలంటే మార్చుకుని వాడుకోండి: సుక్రు జానీకి జరిమానా పడిన రోజున ఆ ఊళ్ళో ఎవరెవరు ఏం చేసి ఉంటే అతను అప్పుకు వెళ్ళనక్కర్లేకపోయేది? పాత్రల పేర్లతో రాయండి. పుస్తకం చూసి రాయవచ్చు. ఇరవై మార్కులు.